చుక్క నూనెకు చోటు

మందుల షాపు కౌంటరు వెనక రోజంతా నిలబడ్డ మనిషి ఇంటికి రాగానే కూలబడాలి. అది న్యాయం. ఈయన మాత్రం చెప్పులు విడిచి, టీ తాగి, వెళ్లి ఇంకోచోట నిలబడేవాడు. ఆ ఇంకోచోటు వంటింటి వెనక ఉన్న చిన్న గది. ఇల్లు కట్టించినవాడు దాన్ని బట్టలు ఉతుక్కోవడానికని కట్టించాడు. ఈయన అందులో ఇనుము చెక్కే లేత్ మిషన్ పెట్టాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో బట్టలు డాబా మీద ఉతుకుతున్నారు.

వీధిలో ఆయన్ని రజను మాస్టారు అంటారు. మాస్టారు అన్నది ఉత్త మర్యాద. ఆయన ఎవరికీ ఏదీ నేర్పిన పాపాన పోలేదు. రజను అన్నది మాత్రం నిజం. ఇనుమును రాకితే రాలే సన్నటి పొడి ఆ ఇంట్లో దొరకని చోటు లేదు. తువ్వాళ్లలో ఉంటుంది, దిండు గలీబుల మీద ఉంటుంది, స్నానాల గదిలో సబ్బుబిళ్లకు అంటుకుని మెరుస్తూ ఉంటుంది. ఆయన భార్య అరికాల్లో గుచ్చుకున్న ముక్కల్ని పిన్నీసుతో తీసుకుంటూ, "నేను చేసుకున్నది మనిషినా, ఆకురాయినా" అనేది. అది కోపం కాదు. కోపం ఎప్పుడో అలవాటుగా మారిపోయింది.

ఆ గదిని మొదటిసారి చూసినవాళ్లు అడిగే మాట ఒకటే: ఇందులో ఏం చేస్తారు? ఓసారి బావమరిది వచ్చి, గుమ్మంలో నిలబడి అదే అడిగాడు.

"బావా, ఇన్నేళ్లుగా ఈ గదిలో ఏం తయారుచేశావు?"

"ఇదిగో, ఈ చిన్న వైసు నేనే చేశా. ఆ డ్రిల్లు స్టాండు కూడా. ఈ సుత్తి, ఆ మూలనున్న బిగింపులు, అన్నీ నావే."

"అవన్నీ పనిముట్లు కదా. వాటితో ఏం చేశావు అని అడుగుతున్నా."

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "పనిముట్లు" అన్నాడు.

బావమరిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాడు. ఆ నవ్వు పక్కింటికి వినిపించింది. ఆ తర్వాత చుట్టాలు నలుగురు కలిసిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తడం, అందరూ పడిపడి నవ్వడం మామూలైపోయింది. ఆయన కూడా నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ముఖం చిన్నబోయేది.

నిజానికి బావమరిది తప్పు మాటేమీ అనలేదు. సరదాకి ఇంట్లో లేత్ పెట్టుకున్నవాళ్లంతా ఇంతే. ఏదో ఒక పని మొదలుపెడతారు. దాన్ని పట్టి ఉంచడానికి ఒక బిగింపు కావాలి. ఆ బిగింపు చెయ్యాలంటే ఇంకో బిగింపు కావాలి. అలా వెనక్కీ వెనక్కీ నడిచి, అసలు మొదలుపెట్టిందేమిటో మర్చిపోతారు. మర్చిపోయి అక్కడే సుఖంగా కాపురం పెడతారు.

ఆయన సుఖానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. షాపులో ఏదీ తిన్నగా ఉండదు. డాక్టర్ల రాత ఒకటి, జనం అడిగేది ఇంకొకటి. మాత్రల అట్ట సగం కోసి ఇమ్మంటారు. తిన్నాక వేసుకోవాలా ముందు వేసుకోవాలా అని అడిగి, చెప్పింది వినకుండా వెళ్లి, మళ్లీ వచ్చి అదే అడుగుతారు. తగ్గుతుందా అని అడిగి ముఖంలోకి చూస్తారు. సాయంత్రానికి పిక్కల్లో నరాలు తాళ్లలా లేస్తాయి, మాటలు అయిపోతాయి. గదిలోకి వచ్చి లేత్ మీద ఒక కడ్డీ బిగిస్తే, అది ఏమీ అడగదు. కొలిస్తే కొలత చెబుతుంది. అంతే.

ఆయన చేసినవాటిలో ఆయనకు ప్రాణం ఒకే ఒక్క వస్తువు. ఒక ఉక్కు కడ్డీ, దాని మీదికి ఎక్కే ఒక ఉంగరం. కడ్డీని ఉంగరంలోంచి లాగితే మధ్యలో గాలి చిక్కుకుని, బుగ్గలో గాలి వదిలినంత చిన్న చప్పుడు అవుతుంది. అంత దగ్గరి కొలతన్నమాట. ఆ రెండు ముక్కలూ మెత్తటి గుడ్డలో చుట్టి, కిటికీ పక్క అరలో పెట్టుకున్నాడు. దేనికీ పనికిరావు. ఇంటికి ఎవరొచ్చినా అవి చూపించకుండా పంపేవాడు కాదు. చూసినవాళ్లు "అబ్బో" అనేవారు. ఎందుకన్నారో వాళ్లకే తెలియదు. ఆయన కళ్లు మాత్రం వెలిగేవి.

ఆయన భార్య కుట్టుపని చేస్తుంది. పెళ్లైన కొత్తలో మెయిన్ రోడ్డు మీద ఒక పెద్ద దర్జీ షాపులో చేరింది. షాపు నడిపే ఆవిడను అందరూ పెద్దక్క అంటారు. పెద్దక్క దగ్గర ఈవిడ ఏళ్ల తరబడి కాజాలు తీసింది, గుండీలు కుట్టింది, కాలర్లు తిప్పింది. అక్కడ కత్తెర పట్టి గుడ్డ కోసేది పెద్దక్క ఒక్కతే. మిగతావాళ్లంతా వంచిన తల ఎత్తకూడదు. ఎవరైనా ఒక జాకెట్టు సొంతంగా కోస్తానంటే, "ముందు ఆ గుండీ సరిగ్గా కుట్టు" అనేది పెద్దక్క.

ఒక బట్టల కంపెనీ మూతపడి, అందులో మిషన్లు అమ్మేస్తున్నారని తెలిసి, ఈవిడ ఒకటి తెచ్చుకుంది. బల్ల కింద మోటారు, పైన నల్లటి బరువైన తల, పెడలు తొక్కితే వాన జోరుగా పడ్డట్టు పరుగెత్తే మిషను. దాన్ని ముందు గదిలో కిటికీ కింద వేసుకుంది. పెద్దక్కకు దణ్ణం పెట్టి బయటికొచ్చింది. వీధిలోవాళ్ల చిన్నాచితకా కుట్లతో కొన్నేళ్లు గడిపింది. ఇన్నాళ్లకు ఈ సెలవుల్లో ఒక మంచి రోజు వచ్చింది. రెండు వీధుల అవతలున్న స్కూలు మేడమ్ కబురు పంపి, స్కూలు మొత్తానికి యూనిఫాములు ఈవిడనే కుట్టమంది. తెల్ల చొక్కాలు, ముదురు నీలం లాగులూ స్కర్టులూ. స్కూలు తెరిచే రోజుకల్లా అందాలి. ఇప్పటిదాకా ఆ పని ఏటా పెద్దక్కకే వెళ్లేది.

ఆ రోజు ఈవిడ ఇంట్లో కాలు ఒకచోట నిలపలేదు. మర్నాడే వెళ్లి తన పేరు నేసిన చిన్న చిన్న గుడ్డ లేబుళ్లు చేయించుకొచ్చింది. కాలరు లోపల కుట్టేవి. తెల్ల గుడ్డ మీద నీలం దారంతో ఆవిడ పేరు. మంచం మీద వాటిని పరిచి చూసుకుంటూ, "ఇన్నేళ్లు ఇంకొకరి లేబుళ్లే కుట్టాను. నా పేరు ఇంత పొట్టిగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది" అంది. ఆయన ఆ మాటకు నవ్వాడు. ఆవిడ అలా నవ్వించి ఎన్నాళ్లైందో.

అంతా బాగుందనుకున్న సమయంలో మిషను మొరాయించింది. చక్రం ఉన్నవైపు టకటకమని చప్పుడు. కుట్టు మధ్యమధ్య తప్పిపోవడం. రిపేరు చేసే అతను వచ్చి, మూత తీసి, చక్రాన్ని పట్టుకుని ఊపి చూశాడు.

"బుష్ అరిగిపోయిందమ్మా. లోపల షాఫ్టు, అంటే ఇరుసు, తిరిగే గన్‌మెటల్ గొట్టం. అది వదులై షాఫ్టు ఊగుతోంది. ఈ మోడలు స్పేరు ఎక్కడా దొరకదు. ఎవరిచేతైనా లేత్ మీద చేయించుకోవాలి."

అతను వెళ్లాక ఆవిడ భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, ఇది మీరు చెయ్యగలరా? బజార్లో లేత్ షాపువాడు వెంటనే చేసిస్తాడట. ఇంట్లో పెట్టుకుని బయటికెందుకని అడుగుతున్నా."

ఆ ప్రశ్న కోసం ఎన్నేళ్లుగా కాచుకుని ఉన్నాడో ఆయనకే తెలియదు. షాపులో పొద్దున్నుంచి నిలబడ్డ కాళ్లు ఒక్కసారిగా తేలికయ్యాయి. "బజారువాళ్లు ఏదో లొడలొడలాడేది చేసి చేతిలో పెడతారు. నువ్వు వాళ్ల జోలికి పోకు. నేను చేస్తా" అన్నాడు.

"త్వరగా అవ్వాలండీ."

"త్వరగానే."

అన్నాడు గానీ, త్వరగా అన్న మాట ఆ గదిలోకి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. షాపుకు వెళ్లేముందు పొద్దున కాసేపు, షాపునుంచి వచ్చాక కాసేపు, అలా సాగింది పని. మొదటి బుష్ చేశాడు. బాగానే ఉంది. వెలుతురులో పెట్టి తిప్పి చూస్తే లోపల ఒక సన్నటి గీత కనబడింది. ఎవరికీ కనబడని గీత, షాఫ్టుకు అసలే తెలియని గీత. దాన్ని పక్కన పడేసి ఇంకోటి మొదలుపెట్టాడు. రెండోదానికి కొలతలో సంతృప్తి కలగలేదు. మూడోదాన్ని పని ఆపినప్పుడల్లా గుడ్డలో చుట్టి పెడుతూ, ఊపిరి బిగబట్టి చెక్కాడు.

ఆవిడ ఈలోపు గుడ్డంతా కోసేసింది. ముందు గదిలో కోసిన ముక్కలు మంచం ఎత్తున లేచాయి. మొగుడూ పెళ్లాలు గదిలో ఒక అంచున ముడుచుకుని పడుకునేవారు. రోజూ ఆవిడ టీ గ్లాసు పట్టుకుని లేత్ గది గుమ్మం దాకా వచ్చేది.

"అయిందా?"

"రేపు."

"నిన్న కూడా రేపన్నారు."

"నిన్న చేసింది బాగాలేదు. నీ మిషన్లో ఏదో ఒకటి పెడతానా?"

తన కోసం ఇంత పట్టుదలగా కష్టపడే మనిషిని తొందరపెట్టడానికి నోరు రావాలి కదా. అదే ఆ ఇంట్లో వచ్చిన చిక్కు. ఆయనకు నడుం విరిగిపోతోంది, కళ్లు మండుతున్నాయి. ఆవిడకు రోజులు చేతిలోంచి జారిపోతున్నాయి. ఎవరి అలసట వాళ్లు దాచుకుని మర్యాదగా తిరిగారు.

చివరికి అయింది. సెలవు రోజు పొద్దున బుష్‌ను మిషను తలలోకి బిగించాడు. దిగాక అది లోపలివైపు ఇంకాస్త ఇరుకైంది. పరవాలేదని సన్నటి రాపిడి పేస్టుతో లోపల రుద్ది, షాఫ్టు ఎక్కించాడు. షాఫ్టు లోపలికి జారుతుంటే, కొసన ఇరుక్కున్న గాలి చిన్నగా నిట్టూర్చి బయటికొచ్చింది. ఆ చప్పుడు ఆయనకు ఎరుకే. జన్మలో ఇంత మంచి పని చెయ్యలేదనుకున్నాడు. అన్నీ బిగించి భార్యను పిలిచాడు.

"చక్రం తిప్పి చూడు."

ఆవిడ చక్రం మీద అరచెయ్యి పెట్టి తన వైపు తిప్పింది. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"కాస్త బిగువుగా ఉన్నట్టుందండీ."

"ఫిట్టు అంటే అదే. మధ్యలో వెంట్రుక కూడా దూరదు."

"పాతది ఇంకా హాయిగా తిరిగేది."

"హాయిగా తిరిగి తిరిగే కదా అరిగింది. దాన్నే కదా మార్చింది."

ఆవిడ నూనె సీసా తీసి, బుష్ మీదున్న చిన్న కంతలో రెండు చుక్కలు వేసింది. ఆ చుక్కలు కిందికి దిగలేదు. కంత మీద బుడగలా నిలబడిపోయాయి. "ఇది ఇంకడం లేదు" అంది. "నెమ్మదిగా దిగుతుందిలే" అన్నాడు ఆయన, చేతులు తుడుచుకుంటూ. పెడలు తొక్కితే మిషను నిజంగానే చప్పుడు లేకుండా నడిచింది. ఆవిడ ముఖం చూసి ఆయన పొంగిపోయాడు. ఆ పూట బావమరిదికి ఫోను చేశాడు. "మీ అక్కయ్య మిషనుకు బుష్ చేశా. ఏం చేశావని అడిగావు కదా, అదీ" అన్నాడు. అవతలినుంచి నవ్వు రాలేదు. "మంచి పని చేశావు బావా" అన్న మాట వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం. షాపులో కౌంటరు ముందు ఒక ముసలావిడ చీటీ చూపించి ఏదో అడుగుతోంది. ఆయన జేబులో ఫోను మోగింది.

"మిషను ఆగిపోయింది" అంది భార్య.

"కరెంటు పోయిందా?"

"కరెంటు ఉంది. పొద్దున్నుంచి ఆపకుండా కుట్టాను. చక్రం దగ్గర వేడెక్కింది. అలా వేడెక్కి వేడెక్కి పట్టేసింది. కాలిన వాసన వస్తోంది. ఎంత తిప్పినా చక్రం కదలడం లేదు."

"నేను వచ్చి చూస్తా."

"ఎప్పుడు?"

ఆయన చుట్టూ చూశాడు. రెండో కౌంటరు అతను భోజనానికి వెళ్లాడు. ముందు జనం ఉన్నారు. "సాయంత్రం" అన్నాడు. ఆవిడ ఫోను పెట్టేసింది.

చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మందులు తీస్తున్నాయి, కోస్తున్నాయి, కవర్లో వేస్తున్నాయి. బుర్రలో మాత్రం తప్పు ఒక్కో మెట్టూ దిగి కళ్లముందుకు వచ్చింది. ఆయన కడ్డీ, ఉంగరం చేతిలో తిప్పి చూసుకునే వస్తువులు. అవి పరుగెత్తవు. మిషను పరుగెత్తుతుంది. పరుగెత్తితే వేడెక్కుతుంది, వేడెక్కితే లోహం ఒళ్లు విరుచుకుంటుంది. దానికి ఒళ్లు విరుచుకునే చోటు ఉండాలి. కనీసం చుక్క నూనె నిలబడే చోటు ఉండాలి. లేత్ పని మొదలుపెట్టిన కొత్తలో చదివిన మొదటి విషయం అది. బజారులో లేత్ షాపువాడు ఆలోచించకుండానే వదిలే ఖాళీ అది. ఆయనకు తెలియక కాదు; వదలడానికి మనసొప్పలేదు. ఆ చప్పుడు కోసం, ఆ నిట్టూర్పు కోసం, భార్య మిషనును తన అలమారులో బొమ్మగా మార్చాడు. ఆవిడ చెయ్యి పెట్టి చెప్పింది, నూనె బుడగ చూపించి మరీ చెప్పింది. ఆయన చెవినబెట్టలేదు. కౌంటరు ముందు ముసలావిడ, "తగ్గుతుందా బాబూ" అని అడుగుతోంది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తలుపు తాళం వేసి ఉంది. తన దగ్గరున్న తాళంచెవితో తీసి చూస్తే ముందు గదిలో గుడ్డ ముక్కల కుప్ప లేదు. మిషను సూది కింద కాస్త తెల్ల గుడ్డ మిగిలి ఉంది. సూది దిగిన చోట మిషను పట్టేస్తే, చొక్కాను చుట్టూ కత్తిరించి తీసుకున్నట్టుంది. పైవాటాలో ఉండే ఆవిడ మెట్ల మీదినుంచి వంగి, "మీ ఆవిడగారు మూటలన్నీ బండిలో వేసుకుని మెయిన్ రోడ్డుకు వెళ్లారండీ" అంది.

ఆయన నడుచుకుంటూ వెళ్లాడు. పెద్దక్క షాపు అద్దాల్లోంచి చూస్తే లోపల వరసగా మిషన్లు, వంచిన తలలు. అందులో చివరి తల ఆవిడది. పాత కుర్చీ, పాత మూల. ఎవరో ఆ కుర్చీని ఇన్నాళ్లూ ఆవిడ కోసమే ఖాళీగా ఉంచినట్టు కూర్చుని ఉంది. పెద్దక్క ఆయన్ని గుర్తుపట్టి, "లోపలికి రండి మాస్టారూ" అంది. ఆయన రాలేదు. పని అయ్యేదాకా బయట అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజుకు కూర్చోవడం అదే మొదలు.

ఇద్దరూ ఇంటికి నడుస్తుంటే ఆయన అన్నాడు, "తప్పు నాదే."

"తెలుసండీ."

"కోప్పడు పోనీ."

"ఓపిక లేదు. కోప్పడాలంటే ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి కదా. ఇంకా స్కర్టులన్నీ ఉన్నాయి."

రోజూ పొద్దున వెళ్లి చీకటి పడేదాకా కుట్టింది. స్కూలు తెరిచే ముందు రోజుకు అన్నీ అయ్యాయి. మూటలు మోయడానికి ఆయన షాపులో సెలవు పెట్టి తోడు వెళ్లాడు. స్కూల్లో మేడమ్ ఒక చొక్కా మడత విప్పి, కుట్లు చూసి, కాలరు వెనక్కి తిప్పింది. లోపల పెద్దక్క షాపు లేబులు ఉంది. ఆయన పక్కనున్న ఇంకో చొక్కా తిప్పి చూశాడు. అందులోనూ అదే.

"అక్కడే కుట్టించారా?" అంది మేడమ్. "మీరు సొంతంగా కుడతారనుకున్నాను."

"మా మిషను పాడైందండీ" అంది ఆవిడ.

"సరే, బాగానే ఉన్నాయి. అయితే వచ్చే ఏడు నేరుగా ఆ షాపుకే చెప్పేస్తాను. మీకూ మూటలు మోసే శ్రమ ఉండదు."

మేడమ్ మంచి మనిషే, మంచికే అంది. ఆవిడ అలాగేనని తలూపింది. ఇద్దరూ గేటు దాటారు. దాటాక, "లేబుళ్లు అవేంటి?" అని అడిగాడు.

"వాళ్ల మిషను మీద కుడితే వాళ్ల లేబులే వెయ్యాలంది పెద్దక్క. మీరైనా అదే అంటారు."

ఆ వారం సెలవు రోజున ఆయన గది తలుపు తీశాడు. ఎప్పుడూ లేనిది, ఆ గదిలోకి పోవాలంటే బద్ధకంగా అనిపించింది. మిషను తల విప్పి, పట్టేసిన బుష్‌ను రెండుగా కోసి తీశాడు. షాఫ్టు మీద గీతలు పడ్డాయి. వాటిని నునుపు చేశాడు. కొత్త బుష్ చెక్కి, మిషనులో దింపి, కొలత చూసే మైక్రోమీటరు పక్కన పెట్టేసి, వంటింటి వైపు తిరిగి పిలిచాడు.

"ఒకసారి ఇలా వస్తావా? నీ చెయ్యి కావాలి."

ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. షాఫ్టు ఎక్కించి చక్రం పెట్టాడు.

"తిప్పి చెప్పు."

ఆవిడ తిప్పింది. "ఇంకొంచెం వదలాలి."

ఆయన షాఫ్టు తీసి, మరికాస్త చెక్కి, మళ్లీ ఎక్కించాడు.

"ఇంకొంచెం."

మళ్లీ తీశాడు. అది ఆయన దృష్టిలో అప్పటికే చెడిపోయిన పని. ఆయన చేతులు ఒప్పుకోవడం లేదు. పళ్ల బిగువున చెక్కాడు. ఆవిడ చక్రం మీద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా తిప్పి, కళ్లు మూసుకుని, మళ్లీ తిప్పింది.

"ఇప్పుడు బాగుంది. ఇంతే ఉండేది."

నూనె చుక్క వేస్తే కంతలోంచి చటుక్కున జారిపోయింది. మిషనును ముందు గదిలోకి మోసుకెళ్లి, బల్ల మీద బిగించి, బెల్టు వేశారు. ఆవిడ కూర్చుని, ఒక పాత గుడ్డ మడత పెట్టి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా కుట్టింది. ఆపకుండా ఇంకో వరస కుట్టింది. చెయ్యి పెట్టి చూస్తే వేడి లేదు. కుట్టు ఒక్కటి తప్పలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు ఆయన. గొంతులో కాస్త ఆశ ఉంది. దాన్ని ఆయన దాచలేదు.

"చాలా బాగుందండీ. కొన్నప్పుడు కూడా ఇంత బాగా లేదు." ఆవిడ దారం తెంపి, కుట్టిన గుడ్డను మడిచి బల్ల మీద పెట్టింది. "రేపట్నుంచి పొద్దున మీతోపాటు నాక్కూడా క్యారేజీ సర్దుకోవాలి."

"నీకెందుకు?"

"పెద్దక్క దగ్గరికి వెళ్లాలి కదా."

"పని అయిపోయింది కదా. మూటలు ఇచ్చేశాం కదా."

"ఆ రోజు మూటలు తీసుకుని వెళ్తే, మిషను ముట్టుకోనిచ్చే ముందే మాట తీసుకుంది. ఏడాది పాటు అక్కడే కుట్టాలి, ఇంట్లో ఎవరివీ కుట్టకూడదు అని. సరేనన్నాను. స్కూలు తెరిచే రోజు దగ్గరకొచ్చింది. ఇంకేమనను?"

ఆయన గోడకు ఆనుకున్నాడు. "మరి ఇది?" అన్నాడు, మిషను వైపు చూస్తూ.

"ఉండనివ్వండి. మన ఇంట్లో దిండు గలీబులైనా కుట్టుకుందాం." లేచి, వెన్ను నిటారుగా చేసుకుని, గుమ్మం దగ్గర ఆగింది. "బిగువుగా ఉందని చెప్పాను కదండీ ఆ రోజు."

"చెప్పావు."

"వినాల్సింది" అంది. గట్టిగా అనలేదు. లోపలికి వెళ్లి పడుకుంది, మధ్యాహ్నం పూట ఎప్పుడూ పడుకోని మనిషి.

ఆయన వెళ్లి ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. మోటారు ఇంకా నడుస్తూనే ఉంది. పెడలు మీద కాలు పెట్టి నొక్కాడు. మిషను చప్పుడు లేకుండా తిరిగింది. సూది కింద గుడ్డ లేదు.